ఈరన్న దయ్యం కాదు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మేం ఆదోనిలో ఉండేవాళ్లం. పత్తి జిన్నింగ్ మిల్లు యంత్రంలో తమ్ముడు ఈరన్న నలిగి చనిపోవడం కళ్లారా చూసినప్పటి నుంచి మా ఆయన దొంగసారాకు అలవాటు పడ్డాడు. దయ్యం పట్టిందని మా అత్త ఎమ్మిగనూరు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. ఆ మహానుభావుడికి వచ్చిన వైద్యమల్లా మిరపకాయల పొగ, వేపబరికె దెబ్బలు.

పొగకు ఉక్కిరిబిక్కిరైన మా ఆయన, "ఈరన్నా, సెయ్యి తియ్‌రా!" అని కేక పెట్టాడు.

"దయ్యం పేరు సెప్పింది!" అంటూ వైద్యుడు ఇంకా బాదాడు.

నేను బిందెడు నీళ్లు నిప్పుల మీద కుమ్మరించాను. "దయ్యం కాదు, నా మరిది! బయటికి నడువు!" అన్నాను.

తర్వాత ఆయన పక్కన కూర్చుని, "ఆ పొద్దు ఏమైందో నాకు సెప్పు" అన్నాను. అంతవరకూ ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఏడుస్తూ అంతా చెప్పాడు. తాగుడు మెల్లగా తగ్గింది.

ఆ ఘనుడు మాత్రం దయ్యాన్ని తానే వదిలించానని సంతలో చెప్పుకునేవాడు. అతని వైద్యానికి మిగిలిన గుర్తల్లా మా ఆయన వీపు మీది మచ్చలే.