పెద్ద పళ్ళచక్రం

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంట్లో మగ్గం ఉండేది. తోటి పిల్లలు బడికి పోయే వేళకు నేను రాట్నం ముందు కూర్చుని నాయనకు కండెలు చుట్టేదాన్ని. అందుకే అరవై దాటాక, మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పిల్ల కొత్త సైకిలుకు వెనక ఏడు పళ్ళచక్రాలున్నాయి. ఏది ఎప్పుడు వాడాలో చెబుతుంటే తల ఊపుతాను గానీ, ఆ లెక్క నాకు మొదటి నుంచీ అయోమయమే.

నాయన నేసిన చీరలు సైకిలుకు కట్టుకుని ఆదోనికి పోయేవాడు. ఒక ఏడాది ఆయన మోకాలు వాచింది. దారిలో ఎత్తు వస్తే తొక్కలేకపోయేవాడు. చీరలు ఆదోనికి చేరకపోతే మగ్గం ఆపాల్సిందే. నన్ను వెంటబెట్టుకుని సైకిల్ షాపు తాత దగ్గరికి పోయాడు.

తాత ఇంకో పళ్ళచక్రం తీశాడు. సైకిలుకు వెనక ఉన్న దానికన్నా అది పెద్దది.

"అదే ఎయ్యి తాతా, గబగబా పోతాది!" అన్నాను. రాట్నంలో పెద్ద చక్రం ఒక్కసారి తిప్పితే కదురు గిర్రున తిరుగుతుంది మరి.

తాత సైకిలు తలకిందులుగా నిలబెట్టి, వెనక టైరుకు తెల్లటి నూలుపోగు కట్టి, పెడలు చేత్తో తిప్పమన్నాడు. పాత చక్రంతో ఒక్క తిప్పుకు పోగు రెండున్నర సార్లు వచ్చింది. ఆయన టైరును అరచేత్తో అదిమితే మాత్రం పెడలు కదల్లేదు. పెద్దది బిగించాక రెండే సార్లు వచ్చింది.

"నిదానంగా పోతాంది తాతా! ఇది వద్దు!" నాకు ఏడుపొచ్చింది.

"మీ నాయనేమన్నా పందేనికి పోతాండాడా?" అంటూ టైరు మళ్ళీ అంతే గట్టిగా అదిమాడు. ఈసారి పెడలు తిరిగింది.

రాట్నంలో వేగం ఇచ్చే పెద్ద చక్రం ఇక్కడ ఎందుకు నిదానిస్తుంది?

"ఆడ పెద్దదాన్ని నువ్వు తిప్పుతావు పాపా. ఈడ గొలుసు తిప్పుతాది" అన్నాడు తాత. సగమే తలకెక్కింది. "ఎత్తు ఎక్కుతాడులే. పొద్దు మాత్రం ఎక్కువ పడతాది."

ఆ చక్రంతో నాయన చాలా ఏళ్ళు ఆదోనికి తిరిగాడు. లెక్క నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు. కాలికి తేలిక కావాలంటే పొద్దు ఎక్కువ ఇవ్వాలన్నది మాత్రం మిగిలింది. ఒత్తుల దగ్గర ఆగుతూ ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

తాత చక్రం మార్చిన మరుసటి రోజు నేను రోజూకన్నా ముందే లేచి, సద్ది మూట కట్టి నాయనను తట్టాను.

"ఇంకా తెల్లారలేదు కదమ్మా?"

"చక్రం నిదానం కదా నాయనా, లెయ్" అన్నాను.