చేపలకు పోసిన గంజి

గుడియాత్తంలో పాపాతి లుంగీలు నేసే కైలీ మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. నోరు అంతకంటే పెద్దది లెండి. పడుగుకు గంజి పట్టించాక కుంచెనూ చట్టినీ కౌండిన్యా ఏట్లో కడగడం వాళ్లింటి ఆచారం. తొలి గంజి చేపలదేనని అత్త చెప్పి పోయింది. ఏట్లో నీళ్లున్నన్నాళ్లూ చేపపిల్లలు గుంపుగా వచ్చి మూతులు తెరిచేవి. ఆ మూతులు చూస్తే పాపాతికి కడుపు నిండేది.

పరదేశపు సరుకుకు సర్కారు వాకిళ్లు బార్లా తెరిచిన ఏళ్లవి. షావుకారు తళతళలాడే పాలిస్టరు నూలు ఇచ్చాడు. రంగు పోదు, చిరగదు. కుంచెకు మాత్రం సన్నని నీలం నూగు అంటుకునేది. దాన్నీ ఏట్లోనే జాడించేది. చేపలు గుటుక్కున మింగేవి. వాటి పొట్టలు ఉబ్బితే, "చూసినావా, నా గంజికి యెట్ల బలిసినాయో" అని మొగుడు సుబ్రమణి దగ్గర గొప్పలు పోయేది.

ఒకనాడు వేలూరు మార్కెట్లో, మద్రాసు నుంచి మంచుపెట్టెలో వచ్చిన సముద్రపు చేపలు కొన్నది. ఇంటికొచ్చి ఒకదాని కడుపు కోస్తే మేత లేదు, నీలం నూగు ఉండ జారిపడింది. పొయ్యి మంటకు చూపింది. దూది నూలైతే బూడిదవుతుంది. ఇది ముడుచుకుని నల్లటి పూసైంది.

"ఏమప్పా, సముద్రం యాడుండాది?"

"మన ఏరు పాలార్లో కలిసి, పాలారు పొయ్యి కడల్లో పడతాది. నేనూ చూడలా," అన్నాడు సుబ్రమణి.

"ఇది మన నూగేనా?"

"మనదో, ఇంకెవురిదో. మగ్గాలు మనకొక్కరికేనా ఉండేది?"

పాపాతి ఆ పూసను దగ్గరికి తీసుకుని చూసింది. కలలోనైనా చూడని అంత నీటిలో, ఎక్కడో ఒక చేప కడుపులో, మగ్గం నూగు. అంత దూరం పోయినా కుళ్లలేదు, కరగలేదు. తన ఏటి చేపల ఉబ్బిన పొట్టలు గుర్తొచ్చాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. కూలబడి ఏడ్చింది.

మళ్లీ గంజి పట్టించిన నాడు కుంచె నీళ్లను పాత నూలు చీరలో వడగట్టి, నూగును డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఏటికి మాత్రం వెళ్లింది. తన గిన్నెలోని అన్నమే తెచ్చి చల్లింది. చేపలు మూతులు తెరిచాయి. అంతలో, మగ్గం దగ్గర ఆమె కుచ్చిళ్లకు అంటుకున్న నీలం పోగొకటి నీళ్లలోకి జారింది. చేపలు మెతుకులు వదిలి దాని మీదికి ఎగబడ్డాయి.

"వద్దు నాయనా, వద్దు," అంటూ పాపాతి చీరతోనే ఏట్లోకి దిగింది.