గట్టుకు అడ్డంగా మంచం

మా అబ్బాయి సుధీర్ పోయి ఏడాదిన్నర అయింది. వాడు ఏలూరులో ఒక క్లబ్బుకు వెళ్లి గాలి తుపాకీ కాల్చడం నేర్చుకున్నాడు. అందులో కౌబాయ్ పోటీలంటే వాడికి మరీ ఇష్టం. వెడల్పు అంచు టోపీ పెట్టుకుని, రంగులు వేసిన చెక్క దుకాణాల ముందు నిలబడి, వేలాడే ఇనుప పలకలను వరసగా కొట్టాలి. తప్పు లేకుండా ఎవరు తొందరగా కొడితే వాళ్లు గెలిచినట్టు. అలాంటి పోటీ మన కొల్లేరు పక్కన ఒక్కసారైనా పెట్టాలని అంటూ ఉండేవాడు. మొన్న ఎండలు ముదిరే ముందు వాడితో పాటు నేర్చుకున్న లావణ్య మా ఇంటికి వచ్చి, మీ తమ్ముడు గారి చేపల చెరువు ఖాళీగా ఉందట కదండీ, అక్కడ పెట్టుకుంటామని అడిగింది. పోటీ రోజు నన్ను కూడా రమ్మంది. ఇల్లు కదలని దాన్ని, ఆ మాటకు కదిలాను.

తాడేపల్లిగూడెంలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ముప్ఫై రూపాయల లోపే, ఏలూరుకు గంట పైన పట్టింది. దెందులూరు దగ్గర రైలు ఆగినప్పుడు నేను కిటికీ వైపు చూడలేదు. ఆ ఊరి దగ్గర హైవే మీదే మావాడి బండిని లారీ కొట్టింది. ఏలూరులో దిగి పాత బస్టాండు దగ్గర ఇడ్లీ తిని కైకలూరు వైపు బస్సు ఎక్కాను. అరగంటలో మా తమ్ముడి ఊరు. అక్కడి నుంచి చెరువుకు ఆటో. పిట్టల అభయారణ్యం హద్దు ఇంకా చాలా దూరంలో ఉంటుంది. ఆటో అబ్బాయి, ఎండిన చెరువులో ఏం పడతారండీ అని అడిగాడు. పలకలు కొడతాం బాబూ అన్నాను. వాడికి అర్థం కాలేదు, ఇరవై రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు.

చెరువులో దిగి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మనిషి కంటే ఎత్తున్న గట్టు కింద చెక్క దుకాణాలు నిలబెట్టారు. వాటి మధ్య పలకలు కొంచెం ముందుకు వాలినట్టు కట్టారు, గుండు తగిలితే మన మీదికి ఎగరకుండా నేలకు కొడుతుందట. తప్పిన గుండ్లు గట్టు మట్టిలో దిగిపోతాయి. చూసేవాళ్లకు వెనకాల తాడు కట్టి, అందరికీ కళ్లద్దాలు ఇచ్చారు. పోలీసులకు ముందే చెప్పి ఉంచారు. ఏలూరు నుంచి వచ్చిన కోచ్ గారు అంతా తిరిగి చూస్తున్నారు. ఆయన సరేనంటేనే పోటీ. మర్నాడే కాలవ నీళ్లు మా చెరువు వంతు. నీళ్లు ఎక్కాయంటే మళ్లీ చేపల పట్టుబడి దాకా ఖాళీ ఉండదు.

గట్టు మీద జనం నడిచే దారి ఉంది, అటు ఎవరూ రాకూడదని పొడుగునా ఎర్ర జెండాలు కట్టారు. కోచ్ గారు వాటిని చూసి తల ఊపుతూ ఉండగానే ఆ జెండాల కిందుగా నాగమణి నెత్తిన గడ్డిమోపుతో నడిచి వచ్చింది. మా తమ్ముడి పక్క చెరువు కాపలా ఆయన ఇల్లాలు.

"జెండాలు చూడలేదా అమ్మా?" అని అడిగారాయన.

"చూశానండీ. పిట్టలు వాలకుండా కట్టారనుకున్నాను" అంది నాగమణి.

అనుకోదూ మరి. మా వైపు ఏ చెరువు గట్టు చూసినా గుడ్డలు, మెరిసే రిబ్బన్లు ఎగురుతూనే ఉంటాయి. జెండాలు కట్టిన పిల్లలందరూ ఈ చెరువుల మధ్య పుట్టినవాళ్లే, ఒక్కరికీ తోచలేదు. కోచ్ గారు కళ్లద్దాలు తీసేశారు. గుండు చిన్నదే గానీ కన్ను పోతుంది, ఈ దారి మూయలేకపోతే పోటీ లేదండీ అన్నారు. టోపీలు పెట్టుకుని వచ్చిన వాళ్లంతా నేల చూపులు చూశారు. లావణ్య తల మీద ఉన్నది మా సుధీర్ టోపీ. అది తీసి చేత్తో పట్టుకుంది. నేను చూడలేకపోయాను.

ఎవరో తాడు కడదామన్నారు. వంగి దూరిపోతారు నాయనా అన్నాను. కాపలా పాకలో నులకమంచం కనపడింది. గట్టుకు అడ్డంగా మంచం వేసి పెద్దమనిషి కూర్చుంటే మా వైపు ఎవరూ దాటి వెళ్లరు. ఆ మాటే చెప్పాను. కోచ్ గారు ముందు నవ్వారు, తరవాత గట్టు రెండు కొసలకూ నడిచి వెళ్లి చూసి వచ్చారు.

"గుండు అంత దూరం రాదు లెండి. కానీ మీరు లేవకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. దారి మీదే కన్ను ఉండాలి" అన్నారు.

అలాగేనని ఒక కొసన నేను కూర్చున్నాను. ఇంకో కొసన నాగమణి తన మంచం తెచ్చుకుని కూర్చుంది.

ప్రతి వరసకూ ముందు ఆయన "మంచాలు?" అని కేకేసేవారు. కూర్చున్నామండీ అని మేమిద్దరం పలికితేనే తుపాకులు లేచేవి. మధ్యాహ్నం మేత బస్తాలతో మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చి, నేను రోజూ వెళ్లే దారండీ, మంచం జరపండి అన్నాడు.

"నేను లేస్తే కదండీ జరపడానికి" అన్నాను.

కాసేపు గొణిగి, చుట్టూ తిరిగి వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు మజ్జిగ ప్యాకెట్టు ఒకటి మంచం మీద పెట్టి పోయాడు.

పోటీలో నేను ఒక్క వరసా చూడలేదు. అంతా చెవులతోనే. పలక తగిలితే గుడి గంటలా మోగేది, తప్పితే ఏమీ ఉండేది కాదు. టీకి ఆపినప్పుడు నాగమణి, టోపీలకున్న గీర గురికి లేదండీ అని నవ్వించింది. సాయంత్రం ఆఖరి వరస లావణ్యది. పలకలు ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేకుండా అన్నీ మోగాయి. చెరువంతా ఈలలే. మెడ తిరగబోయింది, ఆపుకున్నాను. కాసేపటికి కోచ్ గారు గట్టు మీదికి వచ్చి, "ఇక లేవండమ్మా, గెలిచాం" అన్నారు.

తిరుగు రైల్లో దెందులూరు వచ్చినప్పుడు కిటికీలోంచి తిన్నగా చూశాను. ఆ రోజు మావాడి దారికి అడ్డంగా కూర్చోవడానికి నేను అక్కడ లేను. ఇవాళ మాత్రం ఎంతమంది తల్లుల పిల్లలో ఆ గట్టు దాకా వచ్చారు, అందరూ చల్లగా ఇళ్లకు పోయారు. వాడు కోరిన పోటీ జరిగింది. ఒళ్లో వాడి టోపీ ఉంది, అందులో లావణ్య గెలిచి పెట్టిన మెడల్ ఉంది. ఏడుపు వచ్చింది గానీ, చాన్నాళ్ల తరవాత ఆకలి కూడా వేసింది.

మీరు కూడా ఇలాంటిది పెట్టుకుంటే గుడ్డల్నీ తాళ్లనీ నమ్ముకోకండి. ఆ ఊళ్లో నలుగురికీ తెలిసిన మనిషిని దారికి అడ్డంగా కూర్చోబెట్టి, గొడుగూ మంచినీళ్లూ ఇవ్వండి. ఆ మనిషి లేచిందంటే మాత్రం, ఎందుకని అడక్కుండా ముందు తుపాకులు దించండి.