తోడికోడలి కంచంలో తపాలా బిళ్ళలు

మా మావగారు పోయిన ఏడాదికి ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున ఒక ఆల్బం, దాని పక్కన రెండు చెప్పుల డబ్బాలు. డబ్బాల నిండా తపాలా బిళ్ళలు. ఆయన రైల్వేలో ఫిట్టరుగా చేశారు. షెడ్డులోనూ క్వార్టర్లలోనూ ఎవరికి ఉత్తరం వచ్చినా కవరు పారెయ్యొద్దని ముందే చెప్పి ఉంచేవారు. ఏరి అంటించుకున్నవి ఆల్బంలో ఉన్నాయి. అవే మళ్ళీ మళ్ళీ వస్తే డబ్బాల్లో పడేసేవారు.

అత్తగారు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు.

"డబ్బాలు సెరొకటి తీసుకోండి. వాటిల్లో బల్లులు గుడ్లెడతన్నాయి. ఆన్‌లైన్లో అన్నీ అమ్ముతన్నారు గదా, ఈటినీ అమ్మీండి. ఆల్బం మాత్రం అమ్మీది లేదు, సగం సగం సింపీదీ లేదు. మీలో ఎవలైతే ఒక మాట పడకుండా శుబ్బరంగా అమ్ముతారో, దాని సేతిలో ఎడతాను."

ఇద్దరంటే నేనూ, మా తోడికోడలూ. జార్ఖండ్‌లోని బాగ్‌బేరాలో ఒకే ఇల్లు, రెండు వాటాలు, మధ్యలో ఒక గోడ, ఒక తలుపు. అత్తగారు పొద్దున ఈ వైపు తింటే రాత్రి ఆ వైపు తింటారు.

ఆ మాట విన్నప్పుడే ఆల్బం నాదని అనుకున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది గాని, పుస్తకాలతో ఆగలేదు. పెళ్ళై ఇక్కడికి వచ్చాక, సాక్చి బజారులో మన తెలుగువాళ్ళు నడిపే గ్రంథాలయంలో సభ్యురాలినయ్యాను. బజారుకని బయలుదేరి ఆటో దిగి ముందు అక్కడికే వెళ్ళేదాన్ని. కూరగాయలు తరవాత. తెలుగు బీరువాలు అయిపోయాక హిందీ, అది కుదిరాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. మావగారు బిళ్ళలు సర్దుకునేటప్పుడు పక్కన కూర్చునేది నేనొక్కదాన్నే. కాగితాన్ని వెలుగుకు పడితే కనిపించే నీటిగుర్తంటే ఏమిటో, బిళ్ళ అంచున పళ్ళు ఎందుకు లెక్కపెడతారో గ్రంథాలయంలో పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చి ఆయనకే చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఇన్నాళ్ళూ తెలీకుండా అంటించీసినాను గదమ్మా" అన్నారు.

మా తోడికోడలు ఇచ్ఛాపురం వైపు పిల్ల. పుస్తకం చేతికిస్తే దానిమీద పెట్టి బెండకాయలు తరుగుతుంది. కాని ఆమె వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నవ్వు ఎప్పుడు వినిపించినా గోడకు అవతలి నుంచే వినిపిస్తుంది. మా ఆయన కూడా ఆఫీసు కబుర్లు అక్కడ చెప్పి, మిగిలింది నా దగ్గర చెబుతారు. ఆమె చేసే చేపల పులుసులో ఆవపిండి ఎక్కువవుతుందని నేను ఎన్నిసార్లు అన్నా ఎవరికీ వినపడలేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలోనైనా, చదువు పనికొచ్చే ఈ ఒక్కచోటైనా, పైచేయి నాదే కావాలనుకున్నాను.

తపాలా బిళ్ళలు సేకరించేవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంది. అక్కడ కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఊరికే చూసి పోయేవాళ్ళు ఉంటారు. నేను రెండు రోజులు కూర్చుని రాశాను. పుస్తకంలో ఉన్న మాటలన్నీ పెట్టాను. "అత్యంత అరుదైన, నూటికి నూరుపాళ్ళు అసలైన, ఒక పెద్దాయన జీవితకాల సేకరణ. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు." మంచి హిందీలో రాశాను, కింద ఇంగ్లీషులోనూ రాశాను. నా ఫోనులో బిళ్ళలు మసగ్గా పడుతున్నాయి. అవే బిళ్ళలు గ్రంథాలయం పుస్తకంలో ఎంతో చక్కగా, పెద్దవిగా, రంగు వెలవకుండా ఉన్నాయి. మనదీ అదే బిళ్ళ కదా, బొమ్మ బాగున్నది చూపిస్తే కొనేవాళ్ళకే మేలు కదా అని ఆ పుటను ఫొటో తీసి పెట్టాను.

కాలేజీకి వెళ్తున్న మా అమ్మాయి నా భుజం మీంచి చూసింది.

"మమ్మీ, ఐసా మత్ లిఖో. పూరా ఫ్రాడ్ లగ్‌తా హై." ఇలా రాయొద్దు, అంతా మోసంలా ఉందని.

"ఏటే, ఏటి ఫ్రాడు? వ్యాకరణం తప్పుందా ఎక్కడైనా?"

"వహీ తో ప్రాబ్లమ్ హై," అంది. తప్పు లేకపోవడమే తంటా అని. నేను వినిపించుకోలేదు.

సాయంత్రానికి జవాబులు వచ్చాయి. మా రాష్ట్రం పేరు చెబితే దేశంలో చాలామందికి ముందు గుర్తొచ్చేది బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పే దొంగ ఫోను. ఒకడు "జార్ఖండా? ఓటీపీ ఇప్పుడే చెప్పాలా మేడమ్, డబ్బు పంపాక చెప్పాలా?" అని రాశాడు. దాని కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. "జీవితకాల సేకరణ అంటూ వచ్చిన ప్రతివాడి తాతా మొన్ననే పోయుంటాడు" అని ఇంకొకడు. ఇంకొకాయన ఫొటోను పెద్దది చేసి, మూలన ఎర్రగీత గీసి పెట్టాడు. అక్కడ గ్రంథాలయం గుండ్రటి ముద్ర సగం కనిపిస్తోంది. "బిళ్ళలు ఈవిడవి కావు. పుస్తకమూ ఈవిడది కాదు." గుంపు నడిపేవాళ్ళు నా ప్రకటన తీసేసి, నా పేరు పక్కన జాగ్రత్త అని రాశారు.

ఆ గుండ్రటి ముద్రను ఎన్నేళ్ళుగా గౌరవంగా చూశానో నాకు తెలుసు. పుస్తకం తెరవగానే ముందు దానిమీద వేలు పెట్టడం నాకు అలవాటు. అది ఫొటోలో పడినా తప్పుగా అనిపించలేదు. నిజానికి ఉంటే నమ్ముతారనుకున్నాను.

గోడకు అవతల ఇదంతా తెలిసిపోయింది. తలుపు దగ్గర నిలబడి మా తోడికోడలు అడిగింది.

"అక్కా, నిన్ను దొంగన్నారంటేటి? ఎవలాడు? నంబరు ఇయ్యి, నేను మాటాడతాను."

"ఎవరూ ఏమీ అనలేదు. నీ డబ్బా సంగతి చూసుకో."

ఆమె చూసుకుంది. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నాలు అయ్యాక, తిన్న కంచమే కడిగి, తుడిచి, మంచం మీద పెట్టి, డబ్బా అందులో బోర్లించింది. ఫోను ఒక చేత్తో పట్టుకుని మాట్లాడుతూ వీడియో తీసింది. నేను ఇవతల నుంచి విన్నాను. హిందీలో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులో పడి, ఒడియాలో తేలి మాట్లాడుతోంది. ఆ మాటల సారం ఇది. ఇవి మా మావయ్యవి. నాకు వీటిలో ఏదీ తెలీదు. ఇదిగో ఇది చిరిగింది, ఇది పురుగు కొట్టింది, దీనిమీద మా పిల్లల చేతి మరకేదో పడింది, కాదు కాదు, మావయ్య టీ. మీకు కావాలంటే ఇంటికొచ్చి చూసుకోండి, బాగ్‌బేరాలో రైల్వే కాలనీ వెనక. నచ్చకపోతే టీ తాగి వెళ్ళండి. ఇంతలో కుక్కర్ కూసింది. "ఉండండి, పప్పు మాడిపోతంది" అని ఫోను మంచం మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ మిగిలిన భాగం అంతా మా ఇంటి కప్పు ఫ్యాను. దాన్ని అలాగే ఆ గుంపులో పెట్టేసింది.

ఫ్యాను తిరుగుతున్న ఆ వీడియో కింద ఎవరూ ఓటీపీ అడగలేదు. "భాభీ, పప్పు బాగుందా?" అని అడిగారు.

ఆదివారం గోవింద్‌పూర్ నుంచి ఒక పెద్దమనిషి స్కూటరు మీద వచ్చాడు. లారీల కర్మాగారంలో పనిచేసి రిటైరైనాయన. కంచం ముందు పెట్టుకుని, జేబులోంచి భూతద్దం తీసి, మధ్యాహ్నం దాకా చూశాడు. అత్తగారు ఆయనకు గుమ్మంలోకి కుర్చీ వేయించారు, పెద్ద గ్లాసులో టీ ఇప్పించారు. వెళ్తూ ఆయన, "మీ కోడలు చాలా సూటిమనిషి. అన్నీ చెడ్డవే ముందు చూపించింది" అన్నాడు. డబ్బాలో ముప్పావు వంతు కొని పట్టుకెళ్ళాడు. నేను తలుపు ఇవతల నిలబడి ఉన్నాను. ఆ కంచంలో ఆవిరి ఇంజను బొమ్మ బిళ్ళ ఒకటి ఉంది, దాని నీటిగుర్తు తలకిందులుగా పడిందని అంతకు ముందురోజే వెలుగుకు పట్టి చూశాను. అలా పడ్డవి అరుదని చదివాను. చెప్పలేదు. ఆమె డబ్బా, ఆమె కంచం, ఆమె పెద్దమనిషి.

నేను గ్రంథాలయానికి వెళ్ళాను. ఏ పుస్తకం కోసం వెళ్ళానో నాకే తెలీదు. నమ్మించడం ఎలా అనే పుస్తకాలు ఉన్నాయి గాని, అవన్నీ సామాన్లు అమ్మే కంపెనీల కోసం రాసినవి. తిరిగొచ్చి మా అమ్మాయి ఫోనులో తోడికోడలి వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ నవ్వుతోంది, చెయ్యి ఎలా తిప్పుతోంది అని పరీక్షకు చదివినట్టు చదివాను. తరవాత నేనూ కంచం పెట్టాను. నేనూ వీడియో తీశాను.

"నాకు వీటి గురించి ఏమీ తెలియదు," అన్నాను. ఆ పైన ఒక బిళ్ళ పైకెత్తి, "దీని అంచు పళ్ళు మామూలుకంటే దగ్గరగా ఉన్నాయి, అంటే ఇది వేరే యంత్రం మీద కోసినది" అన్నాను. ఆపుకోలేకపోయాను.

అమ్మాయి మంచం మీద పడి నవ్వింది. "మమ్మీ, పహ్‌లే తో సచ్ లగ్ రహా థా!" మొదట నిజమే అనిపించిందట. గుంపులో అయితే ఒకే ఒక్క మాట వచ్చింది. "ఏమీ తెలియదంటూ ఇంత తెలిసినవాళ్ళతోనే భయం."

ఆ మాట నాకు కోపం తెప్పించలేదు. నిజమేననిపించింది. ఆమె తెలియదంటే తెలియకే అంది. నేనంటే అది వేషం. ఆమెలా ఉండాలనుకోవడం మానేసి, ఈసారి నాకు తెలిసినట్టు చేశాను. కిటికీ దగ్గర ఎండలో, నా బిళ్ళలే, ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు ఒక ఫొటో తీశాను. పక్కన స్కేలు పెట్టాను. ఆ రోజు తారీఖు చీటీ మీద నా చేత్తో రాసి అందులో కనిపించేలా ఉంచాను. చిరిగినవి విడిగా, మొదటే చూపించాను. అరుదు అనే మాట ఎక్కడా వాడలేదు. మొదట పెట్టిన ఫొటో గ్రంథాలయం పుస్తకంలోదని, ఎందుకు పెట్టానో కూడా రాశాను. ముందు డబ్బు పంపొద్దు, బిళ్ళలు చేరాక చూసుకుని పంపండి, లేదా ఈ ఊరివాళ్ళైతే పట్టపగలు సాక్చి గోల్‌చక్కర్ కూడలిలో కలవండి అన్నాను. "పుస్తకాలు చదివి ఇంతవరకు తెలుసుకున్నాను. వెల తెలీదు" అని ముగించాను.

వేరే రాష్ట్రంలోని ఒక స్కూలు మాస్టారు ప్రశ్నలు అడిగారు. ఒక్కొక్కదానికీ జవాబు రాశాను. ఒకటి తెలీకపోతే తెలీదని రాశాను. స్పీడ్ పోస్టులో పంపాను. చేరాక ఆయన గుంపులో అందరికీ కనిపించేలా రాశారు. "చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. ఈవిడ దగ్గర కొనవచ్చు." నా పేరు పక్కనున్న జాగ్రత్త తీసేశారు. మిగిలిన డబ్బా మరో ఇద్దరికి వెళ్ళింది.

మాస్టారు రాసింది ఫోనులో పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళాను. చదివి వినిపించాను. ఆవిడ చాట ఆపకుండా బియ్యం చెరుగుతూ విన్నారు.

"మంచిదేనమ్మా. మాస్టారంటే సదూకున్నోడు. కాని నేనేటన్నాను? మాట పడకుండా అన్నాను. నువ్వు ముందు మాట పడ్డావు కదేటి."

"అది వాళ్ళ పొరపాటు, అత్తా."

"ఎవల పొరపాటైతేనేటి, పడ్డావు. సిన్నది పడనేదు." ఆవిడ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆల్బం తెచ్చి, నా ముందే తోడికోడలి చేతిలో పెట్టారు.

మాట ప్రకారం అది న్యాయమే.

తోడికోడలు ఆల్బం ఒకసారి తెరిచి, దుమ్ముకి తుమ్మి, మూసేసింది.

"ఇది నాకెందుకక్కా? నేను ఏటి సేసుకుంటాను? నాకాడుంటే పిల్లలు బొమ్మలు పీకీస్తారు. నువ్వే ఉంచీ. నువ్వైతే సదూతావు." అని నా చేతుల్లో పెట్టేసింది. ఎంత తేలిగ్గా అంటే, ఉల్లిపాయలు ఎక్కువ కొన్నాను, రెండు తీసుకో అన్నట్టు.

వద్దు అనాలనుకున్నాను. అప్పటికే నా రెండు చేతులూ దాన్ని పట్టుకుని ఉన్నాయి. అత్తగారు ఆమె తలమీద చెయ్యి వేశారు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ చెయ్యి నా తలమీద ఎప్పుడు పడిందో నాకు గుర్తు లేదు. "సరే" అన్నాను.

నా వాటాలోకి వచ్చి, ఆల్బం ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. నేను కోరుకున్నది నాకు దక్కింది. పెరటి గోడ దగ్గర అత్తగారి గొంతు వినిపిస్తోంది. "సూడండమ్మా, సేతికిచ్చింది సేతికిచ్చినట్టు అక్కకి ఇచ్చీసింది. ఎంత మనసో సిన్నదానికి." పక్కింటావిడ ఏదో అంది. తరవాత అత్తగారు ఇంకాస్త గొంతు పెంచి, దాని అవతలి ఇంటావిడను పిలిచి మళ్ళీ మొదటినుంచి చెప్పారు. మూడో ఇంటావిడకి కూడా చెప్పడం అయ్యేదాకా నేను మొదటి పేజీ తిప్పలేకపోయాను.