మూడుసార్లు వెలగనన్న డ్రయ్యర్

యంత్రానికి నిమ్మకాయ కట్టే మీరు, దాని లోపల ఏం జరుగుతుందో ఒక్కసారైనా తెలుసుకున్నారా?

నేను దెయ్యాలను నమ్మను. ముప్పై ఏళ్లుగా సభల్లో అదే వాదించాను, ఇప్పుడూ వెనక్కి తీసుకోను. అయినా నిరుడు వానాకాలం పలాసలో, మా చెల్లెలి జీడిపప్పు షెడ్డులో జరిగింది దాచితే అబద్ధమాడినట్టే.

పప్పు మీది పొట్టు ఊడాలంటే గంటల తరబడి ఎండాలి. అందుకొక ఇనుప గది, దానికి గ్యాస్ మంట, కరెంటు కాయిల్సు. ఆ డ్రయ్యర్ పద్ధతంటే నాకు ముచ్చట. స్విచ్ వెయ్యగానే మంట రాదు. ముందు ఫ్యాను తిరిగి లోపలి గాలిని తోసేస్తుంది. గాలి ఆడుతోందని ఒక చిన్న స్విచ్ సాక్ష్యం చెప్పాలి. అప్పుడే నిప్పురవ్వ, వెంటనే గ్యాస్. మంట అంటుకున్నట్టు ఒక కడ్డీ కబురు పంపకపోతే క్షణాల్లో గ్యాస్ మూసుకుపోతుంది. గ్యాస్ లేనప్పుడు కాయిల్సు వేడెక్కుతాయి, అవీ ఒకదాని తర్వాత ఒకటే. రుజువు లేనిదే అడుగు వెయ్యదు. మన పట్టభద్రుల్లో ఎంతమందికుంది ఆ గుణం?

ఆ మధ్యాహ్నం అది మూడుసార్లు వెలగకుండా ఆగిపోయింది. ఫ్యాను బాగుంది, రవ్వ పడుతోంది, గ్యాస్ వస్తోంది. మంట మాత్రం నిలవదు. కాయిల్సుకు మార్చాం. కరెంటు ఉంది, ఒక్కటీ వేడెక్కలేదు. వానకు పప్పు బూజు పడుతుందని చెల్లెలి కంగారు. దిష్టి తియ్యాలంది. కసిరాను. కసిరి, నేనన్న మాటేమిటో తెలుసా? కాపలా స్విచ్‌లన్నీ తప్పించి వైరు డైరెక్టుగా కలిపెయ్యమన్నాను.

మందస నుంచి వచ్చిన మెకానిక్ అప్పన్న టెస్టరు కింద పెట్టేశాడు.

"అది వద్దంతందంటే ఏటో ఉంటాది మావా. తలుపు తీసి సూద్దుం."

"లోపలేటుంటాది, మీ అత్తగారా?" అంది చెల్లెలు.

గొళ్లెం తీశాడు. పప్పు పరిచిన ట్రాలీల వెనక గున్నమ్మ, మా షెడ్డులో పొట్టు తీసే మనిషి, గోడకానుకుని నిద్రపోతోంది. వానలో తడిసి వచ్చిన ఆడవాళ్లు పాత వేడి మిగిలిన ఆ గదిలో చీర ఆరబెట్టుకుంటారట. ట్రాలీలు తోశాక, గొళ్లెం పడకముందు దూరింది. ఎవరూ చూసుకోలేదు.

"ఏటి, టీ వచ్చిందేటి?" అంది కళ్లు నులుముకుంటూ.

ఆమె బయటికొచ్చాక అప్పన్న మళ్లీ స్విచ్ వేశాడు. మొదటిసారికే మంట నిలిచింది.

ఆ యంత్రానికి మనిషిని పసిగట్టే సాధనం లేదు. తలుపుకు స్విచ్ లేదు. అప్పన్న మూడు రోజులు అన్నీ విప్పి చూశాడు, ఏ లోపమూ దొరకలేదు. తేమ అందామంటే, గ్యాస్, కరెంటు రెండూ ఒకేసారి ఎందుకు మొరాయించాయి? ఆమె బయటికి రాగానే మంట ఎందుకు నిలిచింది? దెయ్యమనను, దేవుడనను. నాకు తెలియదు. ఈ మాట రాయడం నాకు సులువు కాదు.

మీ దగ్గర అలాంటి గది ఉంటే లోపలి నుంచి తెరుచుకునే గొళ్లెం ఈరోజే పెట్టించండి. స్విచ్ వేసే ముందు లోపలికెళ్లి చూడండి. ఆగిన యంత్రానికి అడ్డదారి వైరు వెయ్యమనేవాడు నాలాంటి పెద్దమనిషైనా సరే, అతని మాట వినకండి.