మిషనత్త కాలిలో ప్లేటు

వీధిలో అందరికీ ఆమె మిషనత్త. పెళ్ళయిన మర్నాటి నుంచీ కుట్టుమిషను తొక్కుతూనే ఉన్న మనిషి. అలాంటిది, ఏడాదిగా ఆ మిషను దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది.

కాలు విరిగితే లోపల స్టీలు ప్లేటు వేశారు. నడవగలగ్గానే ఆమె మళ్ళీ మిషనెక్కింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ ప్లేటు కాస్తా పగిలింది. మళ్ళీ కోసి కొత్తది వేశారు. ఎముక అతుక్కుంది, ఇక తొక్కొచ్చన్నాడు డాక్టరు. మొగుడు వింటేనా! బస్సు నడిపి రిటైరైన ఆ మహానుభావుడు మిషను బెల్టు ఊడదీసి ఎక్కడో దాచేశాడు. "తొక్కొద్దంటే విన్నావా? నీ తొక్కుడుకే విరిగింది" అని పొద్దున లేస్తే అదే పాట. ఎంత నోరున్నదైనా, ఆ మాట వింటే మిషనత్త నిజంగా తన వల్లేనేమోనని లోలోపల కుమిలిపోయేది.

ఆమె అక్క కూతురు లోహాలను ఎక్స్‌రేతో పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. పిన్ని బీరువాలో దాచుకున్న పగిలిన ప్లేటును పట్టుకుపోయి, ఒకరోజు మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఆ ల్యాబుకి పిలిచింది. కిటికీల్లేని గది, దళసరి తలుపు, చలి. తెర మీద రంగురంగుల గింజలు పరుచుకుని ఉన్నాయి.

"ఇదే నీ ప్లేటు, పిన్నీ. స్టీలంటే ఒకే ముద్ద కాదు, ఇలా గింజలు పేర్చినట్టుంటుంది. గట్టిగా వంచితే, వదిలేశాక కూడా ఒక్కో గింజలో ఆ బిగువు మిగిలిపోతుంది. ఎంత మిగిలిందో ఎక్స్‌రే కొలుస్తుంది. ఎర్రగా ఉన్నచోట ఎక్కువ."

మిషనత్త రెప్ప వేయలేదు. ఇన్నాళ్ళూ తన కాలిలో, ఎముక పక్కనే, ఇంత లోకం ఉందా! భయపడుతూనే అడిగింది.

"ఎర్రదంతా నా తొక్కుడేనా అమ్మా?"

"కాదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎరుపు ఒకే పట్టీలా ఉంది చూడు, తొక్కుడుదైతే పగులు దగ్గరే ఉండేది. నీ ఎముకకి సరిపోవాలని ఆపరేషన్లో బిగించేముందే డాక్టర్లు వంచారు. ఎక్కువైందని అక్కడే వెనక్కి వంచారు. నువ్వు కాలు కింద పెట్టకముందే అది నీరసపడింది. మామూలుగా నడిచినా విరిగేదే."

మొగుడు కళ్ళజోడు తుడుచుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా తెర ముందుకి వెళ్ళాడు. ఎంతకీ కదల్లేదు.

"ఏం వెతుకుతున్నారు బాబాయ్?"

"ఏడాదిగా నేనన్న మాటలు కూడా ఇందులో ఉన్నాయేమోనని" అన్నాడు మెల్లగా.

"అందులో ఎందుకుంటాయి? మీరు అనడం మొదలెట్టేసరికే ఆ ప్లేటు తీసేశారుగా" అంది మిషనత్త.

ఇంటికి రాగానే అతను చొక్కాల అడుగు నుంచి బెల్టు తీశాడు. నేలమీద చతికిలబడి చక్రానికి ఎక్కించాడు. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగేవాడు, ఆ పూట మూలగలేదు. మిషనత్త పెడలు మీద పాదం పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తొక్కింది.