మొదటి బుధవారం, పగలు పన్నెండు

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక బుధవారం... పట్టపగలు సరిగ్గా పన్నెండింటికి సైరన్ మోగింది. పప్పుకి తాలింపు వేస్తున్న అమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది.

అప్పటికి మేం ఫ్రాన్సుకు వచ్చి వారమే. మా బాపు సూరత్‌లో మగ్గాలు బిగించే మెకానిక్. ఆ యంత్రాలు తయారయ్యే ఊరికి కంపెనీ ఆయన్ని రెండేళ్లు పంపితే అమ్మనూ, నన్నూ, చెల్లెనూ వెంట తీసుకెళ్లాడు. నది ఒడ్డున చిన్న ఊరు. కింది వాటాలో మేం, పై వాటాలో ఒక ముసలావిడ. అక్కడ పెద్దావిడలందరినీ మదాం అనే పిలవాలట. అందుకని ఆవిడ మాకు పై మదాం...

సైరన్ లేస్తోంది, పడుతోంది, మళ్లీ లేస్తోంది...

అంతకు రెండేళ్ల ముందు సూరత్‌లో తాపీ నది పొంగినప్పుడు కూడా మేం కింది ఇంట్లోనే ఉన్నాం, అమ్రోలి అనే పేటలో. డ్యాం నీళ్లు వదులుతున్నారని జీపులో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. "ఏం గాదు, జర సూద్దాం" అన్నాడు బాపు. చూస్తూ ఉండగానే మంచం మునిగింది. ఏడాది పిల్ల చెల్లెను నెత్తిన పెట్టుకుని, నన్ను భుజానికెత్తుకుని, అమ్మ మెడలోతు నీళ్లలో మేడ మెట్లెక్కింది... ఆ 'ఏం గాదు'ని ఆమె జన్మలో మరిచిపోలేదు.

"బిడ్డా, నీళ్లొస్తున్నయ్! లెవ్వు!"

స్టవ్ ఆర్పింది. మెయిన్ కట్టేసింది. సూరత్‌లో మురుగు ముందు బాత్రూం తూములోంచే పైకి తన్నింది కదా, అందుకని ఊరి నుంచి తెచ్చుకున్న బొంత తీసి ఈ ఇంటి తూములో కుక్కింది. బియ్యం పోసుకునే గంజులో పాస్‌పోర్టులు పెట్టింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఎదురుగా రొట్టెల కొట్టామె గబగబా షట్టర్ దించుతోంది. పక్కన మందుల షాపు అప్పటికే మూసేశారు. రోడ్డు మీద నరపురుగు లేదు...

"అందరు ఉరికిన్రే అమ్మా! మనమే మిగిలినం!"

పన్నెండయితే ఆ ఊళ్లో కొట్లు కట్టేసి అందరూ ఇంట్లో కూర్చుని భోంచేస్తారని మాకేం తెలుసు... బాపు ఫ్యాక్టరీ ఏమో నదికి అవతల. వంతెన ఉందో పోయిందో!

ఇంతలో సైరన్ ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. నీళ్లు మలుపు దాకా వచ్చేశాయేమో అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడే గౌను తడుపుకున్నాను.

ఇక మిగిలింది పై వాటా. కానీ మూడు రోజుల ముందే అక్కడ మాకు అవమానం అయింది. అమ్మ గారెలు చేసి మధ్యాహ్నం పట్టుకెళ్తే, మదాం మూతి తుడుచుకుంటూ సగం తలుపే తెరిచింది. గిన్నె అందుకుని, నవ్వి, తలుపేసుకుంది. మన దగ్గర తినే వేళకు ఎవరొచ్చినా కంచం పెడతాం. వాళ్లకు ఆ వేళ పిలవకుండా వెళ్లడమే తప్పు. "ఇగ ఆమె గడప తొక్క" అని ఒట్టు పెట్టుకున్న అమ్మ, ఇప్పుడు చెల్లెను చంకనేసుకుని, గంజు పట్టుకుని అదే తలుపు దబదబా బాదింది.

మళ్లీ సగమే తెరుచుకుంది. "నీకే జర వస్తది ఆ బాస, చెప్పే!" అంది అమ్మ. బాపు నేర్పిన నాలుగు ముక్కల్లో నీళ్లన్న మాట ఒకటి ఉంది. అది చెప్పి, నది వైపు వేలు చూపించి, బావురుమన్నాను.

మదాం గంజును చూసింది. నా తడిసిన గౌను చూసింది. నవ్వలేదు... తలుపు బార్లా తెరిచి నన్ను గోడ క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ బుధవారం మీద వేలు పెట్టింది, గడియారం చూపించింది, నోటితో సైరన్ లాగే కూసి 'ఏమీ లేదు' అన్నట్టు చేతులు ఊపింది. తరువాతి నెల తిప్పి మొదటి బుధవారం మీద మళ్లీ వేలు. నాకు సగం అర్థమైంది, అమ్మకు నమ్మకం కుదరలేదు. మదాం మా ముందు మూడు పళ్లాలు పెట్టినా ముట్టకుండా, అమ్మ బాపు వచ్చేదాకా ఆ కిటికీలోంచి నదినే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం బాపు తీరిగ్గా వచ్చాడు. "నెలనెలా సూస్తరంట, మోగుతదా లేదా అని. ఫ్యాక్టరీల పొద్దుగాలనే చెప్పిన్రు."

"నీకు చెప్పిన్రు. మాకెవరు చెప్పాలె?" అంది అమ్మ.

తరువాతి నెల మొదటి బుధవారం... ఉత్త పరీక్షేనని తెలుసు. అయినా పదకొండు నుంచే అమ్మ ఒకే గిన్నెను తోమిందే తోముతోంది. పన్నెండుకు పది నిమిషాలుండగా తలుపు చప్పుడైంది. చూస్తే మదాం! భోజనం వేళ సగం తలుపైనా తీయడానికి ఆలోచించే మనిషి, వడ్డించుకున్న పళ్లెం వదిలేసి మెట్లు దిగొచ్చింది. అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. సైరన్ మోగినంతసేపూ వదల్లేదు. ఆగాక లేచి, మళ్లీ తన పళ్లెం దగ్గరికి వెళ్లిపోయింది. మేం అక్కడున్న రెండేళ్లూ ఏ నెలా తప్పలేదు...

ఇప్పుడు మళ్లీ సూరత్‌లోనే ఉన్నాను, నాలుగో అంతస్తులో. మొన్న వానల్లో తాపీ పెరుగుతోందని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. నేను బాల్కనీలో నిలబడి వీడియో తీసి స్టేటస్ పెట్టాను. మా బిల్డింగులోనే అన్నిటికన్నా కింది ఇంట్లోకి కొత్తగా ఒకామె దిగింది, ఇద్దరు చిన్నపిల్లలతో. మర్నాడు లిఫ్టు దగ్గర కనిపించి, "రాత్రంతా కూర్చునే ఉన్నానక్కా" అంది. ఆమె పేరు కూడా అప్పుడే అడిగాను... ఎంత సిగ్గేసిందో!

మీరు వణికిపోతున్న వేళ తినే తిండి వదిలేసి వచ్చి పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక్కసారి ఇక్కడ వాళ్ల గురించి రాయండి... చదవాలని ఉంది.